చెప్పి ముట్టుకోవాలి

తల తెచ్చుకోవడమే మా బడిలో మొదటి కష్టం. "మీ ఇంట్లోంచో పక్కింట్లోంచో ఒక తల తెచ్చుకోండి. కోర్సు అయ్యేదాకా ఆ తల మీదే నేర్చుకుంటారు, పరీక్ష కూడా ఆ తల మీదే" అని చేరిన రోజునే చెప్పేశారు మేడమ్. అలమారలో ప్లాస్టిక్ బొమ్మ తలలు వరసగా ఉండేవి గానీ, వాటంటే ఆవిడకి బొత్తిగా గిట్టదు. "నొప్పి తెలీని తల మీద ఏం నేర్చుకుంటారు, నా మొహం!" అనేవారు.

చెప్పుల దుకాణం పైన మేడ మీద రెండు గదులు, అదే మా బ్యూటీషియన్ బడి. ముందు గదిలో అద్దాలు, కుర్చీలు. వెనక గదిలో తలలు కడిగే సింకు, తువ్వాళ్ళు ఆరేసే తాడు, మేడమ్ టీ పెట్టుకునే స్టవ్వు. మాది వానాకాలం బ్యాచ్. కిటికీ రెక్క సరిగా పడక జల్లు లోపలికి కొట్టేది. కత్తిరించిన జుట్టంతా తడిసి నేలకి అతుక్కుపోతే ఊడ్చలేక మా నడుములు పడిపోయేవి. అయినా ఆ గదంటే నాకు ప్రాణం.

"నీ తల వచ్చిందా?" "లేదే, నా తలకి జ్వరం." "నా తల అలిగింది, ఇవాళ రానంది." మా మాటలు ఇలాగే ఉండేవి. మెట్ల మీద వినేవాళ్ళు ఏమనుకునేవారో ఏమో! మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి నోరు మూతపడేది కాదు, అందుకని లొడలొడ అని పేరు పెట్టాం. ఆమె తల వాళ్ళ మేనత్త. కుర్చీలో కూర్చోగానే గురక పెట్టేది ఆవిడ.

నేను మొదట అమ్మనే అడిగాను.

"నా తల జోలికి రాకు" అంది అమ్మ, అడుగుతూండగానే.

మా అమ్మ తల నేనెప్పుడూ దువ్వి ఎరగను. చిన్నప్పుడు సరదాపడి దువ్వెన పట్టుకెళ్ళినా చెయ్యి విదిలించి కొట్టేది. ఎప్పుడూ ఒకటే ముడి, ఎడమ చెవి మీదికి బాగా వాల్చి, పిన్నులు దట్టంగా గుచ్చి పెట్టుకునేది. తల స్నానం చేసినా తలుపు వేసుకుని ఆరబెట్టుకుని, ముడి పెట్టుకునే బయటికి వచ్చేది. అది ఆవిడ తత్వం అనుకునేదాన్ని.

"వదినని తీసుకుపో. అంత జుట్టుంది, నీ సరదా తీరుతుంది" అంది.

వదిన జడ నడుం దిగి ఉండేది. అంత బారు జడ మా వీధిలో ఎవరికీ లేదు. వదినంటే నాకు ఇష్టం కూడా. మెత్తటి మనిషి, నవ్వితే బుగ్గ సొట్టపడేది. అన్నయ్య సరేనన్నాడు. మా ఇంట్లో ఏదైనా అన్నయ్య సరేననాలి. నాన్న పోయాక ఇల్లు నడిపేదీ తనే, నన్ను చదివించేదీ తనే. లిఫ్టులు బాగుచేస్తాడు. అన్నయ్య గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. వీధిలో వదినతో నడిచేటప్పుడు జడ కింద మెడ మీద చెయ్యి వేసి నడిచేవాడు. చూసినవాళ్ళు "ఎంత ముచ్చటగా ఉన్నారమ్మా!" అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

మేడమ్‌కి ఒక నియమం ఉండేది. చెప్పి ముట్టుకోవాలి. కుర్చీలో కూర్చున్న మనిషి వెనకాల మనం ఉంటాం, మన చెయ్యి ఎటునుంచి వస్తుందో ఆ మనిషికి తెలీదు. అందుకని "మెడ మీద చెయ్యి వేస్తున్నానండీ", "చెవి వంచుతున్నానండీ" అని ముందు చెప్పి, తర్వాతే ముట్టుకోవాలి. కన్నతల్లి కూర్చున్నా సరే, అండీ అనాల్సిందే. మరిచిపోయినవాళ్ళని అదే కుర్చీలో కూర్చోబెట్టి, చప్పుడు కాకుండా వెనక నుంచి వచ్చి తడిచెయ్యి మెడ మీద పెట్టేవారు. కెవ్వుమనేవాళ్ళం. గదంతా నవ్వు.

వదినని తీసుకెళ్ళిన మొదటి రోజున మరిచిపోయింది నేనే. గుడ్డ కప్పాను, జడ విప్పుదామని ఊరికే మెడ మీద చెయ్యి వేశాను.

వదిన కెవ్వుమనలేదు. అసలు గొంతులోంచి శబ్దమే రాలేదు. భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి, రెండు చేతులూ తల మీదికి పోయాయి, ముడుచుకుపోయి కుర్చీలో సగమైంది. కప్పిన గుడ్డ జారి కింద పడింది.

"ఏంటక్కా, దీని చెయ్యి అంత చల్లగా ఉందా?" అంది లొడలొడ. అందరూ నవ్వారు. వదిన కూడా సర్దుకుని నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టలేదు కూడా.

పాయలు తీయడం నేర్పిన రోజున నాకు అది కనబడింది. తోకదువ్వెనతో తలని నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టాలి. ఎడమ చెవి వెనక పాయ ఎత్తేసరికి అక్కడ జుట్టు లేదు. లేదంటే బొత్తిగా లేదని కాదు. కోసిన పచ్చగడ్డిలా మొదళ్ళు ఉన్నాయి, కొన్ని కురచగా, కొన్ని కాస్త పొడుగ్గా, అంచులన్నీ చెదిరి ఉన్నాయి. నా అరచెయ్యి పెడితే సరిగ్గా మూసుకుపోయింది. పైన జుట్టు దట్టంగా ఉండడంతో ఎవరికీ తెలీలేదు.

"వదినా, ఇక్కడేంటి?" అన్నాను.

"ఏమో, ఊడుతోంది" అంది వదిన, అద్దంలో నా వైపు చూడకుండా. "పాయ దించెయ్."

మేడమ్ వచ్చి చూశారు. "చెవి పక్కన చూస్తున్నానమ్మా" అని చెప్పి చూశారు. ఏమీ అనకుండా పాయ దించి, చక్కగా దువ్వి, వదిన భుజం మీది గుడ్డ సవరించి వెళ్ళిపోయారు. సాయంత్రం వదిన మెట్లు దిగాక నన్ను వెనక గదిలోకి పిలిచారు.

"పేనుకొరుకుడైతే గీత గీసినట్టు గుండ్రంగా ఉంటుంది. జబ్బు చేసి ఊడితే వెంట్రుక చివర తెల్లటి గింజ ఉంటుంది. ఇది ఊడింది కాదు. లాగితే తెగింది."

"ఎవరు లాగుతారు మేడమ్?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మ, నేను, అన్నయ్య..." అంటూనే ఆగిపోయాను. వీధిలో మెడ మీద వేసిన ఆ చెయ్యి కళ్ళ ముందు కదిలింది.

"కుదుళ్ళు ఇంకా బతికే ఉన్నాయి, మళ్ళీ వస్తుంది" అన్నారు మేడమ్ స్టవ్వు ఆర్పుతూ. "ఏళ్ళ తరబడి అక్కడే లాగితే మాత్రం కుదురు చచ్చిపోతుంది. చర్మం గాజులా మెరుస్తుంది, ఇంక రాదు. అలాంటివీ చూశాను నేను."

"నేనేం చెయ్యను?"

"ఎవరితోనూ అనకు. నువ్వు కనిపెట్టావని తెలిస్తే ముందు తగిలేది మీ వదినకే. తన నోటితో తను అడిగేదాకా ఆగు. అడిగిన రోజున మాత్రం ఆగకు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా చెవులు రిక్కించేదాన్ని.

వానాకాలంలో లిఫ్టు గుంటల్లోకి నీళ్ళు దిగుతాయి. ఊళ్ళో సగం లిఫ్టులు ఆగిపోతాయి, అన్నయ్యకి ఫోను మీద ఫోను. మోకాళ్ళ దాకా తడిసి, చేతులకి గ్రీజుతో సాయంత్రం వచ్చేవాడు. చేతులు శుభ్రంగా కడుక్కునేవాడు, గోళ్ళు కూడా బ్రష్షుతో తోముకునేవాడు. "ఏమే, ఏం నేర్చుకున్నావివాళ?" అని నన్ను నవ్వుతూ పలకరించేవాడు. తర్వాత వాళ్ళ గదిలోకి వెళ్ళి వదినని పిలిచేవాడు. గడియ పడేది. గట్టిగా పడేది కూడా కాదు. టక్కుమని చిన్న చప్పుడు.

ఆ చప్పుడు వినగానే అమ్మ లేచి రేడియో గొంతు పెంచేది.

ఎన్నేళ్ళుగా చూస్తున్నానో అది! అమ్మకి చెవులు మందగించాయి కాబోలు అనుకునేదాన్ని. పాటైనా వార్తలైనా ధరల వివరాలైనా సరే, ఇల్లు అదిరిపోయేలా పెట్టి కూరగాయల పళ్ళెం ముందేసుకుని కూర్చునేది. ఇప్పుడు నాకు ఆ గడియకీ ఈ రేడియోకీ ఉన్న లంకె తెలిసిపోయింది. తెలిశాక వినకుండా ఉండలేను. పాట వెనకాల కుర్చీ కాలు నేల మీద గీసుకున్న చప్పుడు, గాజు తగిలిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడానికే నా ఒళ్ళు చల్లబడిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక, "అమ్మా, వదినకి చెవి వెనక జుట్టు..." అన్నాను.

"వానాకాలం నీళ్ళు. ఎవరికి ఊడదు?" అంది అమ్మ, కత్తిపీట మీంచి తలెత్తకుండా. "నీ బడి కబుర్లు బడిలోనే వదిలేసి రా."

"అది ఊడింది కాదమ్మా."

కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగింది. "నీ చదువు పూర్తి కావాలా, వద్దా?" అంది మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసుకున్నాడు. "నీ చదువు నాకూ కాస్త పనికిరానీవే. మెడ మీద నూగు తీసిపెట్టు" అన్నాడు.

తువ్వాలు కప్పాను. నురగ రాశాను. బడి అలవాటు కొద్దీ, "మెడ మీద చెయ్యి వేస్తున్నానండీ" అనేశాను.

అన్నయ్య పకపకా నవ్వాడు. "అండీ ఏంటే? నేనేమన్నా గిరాకీనా?"

"చెప్పి ముట్టుకోవాలన్నయ్యా. మేడమ్ రూలు."

"బాగుందే రూలు" అని తల వంచాడు. బ్లేడు మెడ మీద ఆన్చాను. వదిన వంటింట్లో గిన్నెలు కడుగుతోంది.

"మీ వదిన అక్కడ ఏం మాట్లాడుతుంది?"

"ఏం మాట్లాడదు."

"ఏమీనా?"

"కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, అంతే."

"మరి నువ్వేం చూస్తావు?"

నా చెయ్యి ఆగిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడూ ఆగిపోయింది.

"జుట్టు చూస్తానన్నయ్యా."

"జుట్టే చూడు" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. "కోర్సు మధ్యలో ఆగిపోయిందంటే నాకే బాధ."

బ్లేడు ఉన్నది నా చేతిలో. దాని కింద ఉన్నది అన్నయ్య మెడ. అయినా వణికింది నేనే. చెయ్యి కాస్త కదిలి చిన్న గాటు పడింది, రక్తం చుక్క పైకి తేలింది. అన్నయ్య వేలితో తుడుచుకుని, ఆ వేలు చూసుకుని, "పర్లేదులే. నేర్చుకునేటప్పుడు తప్పదు" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఆ సాయంత్రం గడియ పడింది. అమ్మ రేడియో పెంచింది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆ గాటు పెట్టింది నేను, దానికి బదులు తీర్చుకునేది వదిన మీద అని నాకు తెలుస్తూనే ఉంది. లేచి ఆ తలుపు కొట్టాలనుకున్నాను. లేవలేదు.

తర్వాతి క్లాసుకి వదిన వచ్చింది. రాదేమో అనుకున్నాను. సింకు దగ్గర వెనక్కి వాల్చి పడుకోబెట్టి, "తల చేతుల్లోకి తీసుకుంటున్నానండీ" అన్నాను. ఆ బరువంతా నా అరచేతుల్లోకి వచ్చింది. చెవి వెనక చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. నీళ్ళు అటు పోకుండా చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా పోశాను. ముందు గదిలో లొడలొడ ఏదో చెబుతోంది, అందరూ నవ్వుతున్నారు.

"నీకు తెలుసు కదూ" అంది వదిన. కళ్ళు మూసుకునే ఉంది.

తల ఊపాను. కళ్ళు మూసుకున్న మనిషికి అది కనబడదు కదా! "తెలుసు వదినా" అన్నాను, నాకే వినబడనంత చిన్నగా.

"మా అక్క వచ్చెయ్యమంటోంది. ఒకసారి బస్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. గాలికి జడ ఊగి వీపుకి తగిలినా ఆయన చెయ్యేననిపిస్తుందే. బస్సెక్కబోతుంటే ఎవరిదో సంచీకి జడ చిక్కుకుంది. అంతే, నా కాళ్ళు ఇంటివైపు తిరిగిపోయాయి." కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను వెళ్ళిపోతే నీ చదువు మాన్పిస్తాడు. నీ మీదా అత్తయ్య మీదా పడతాడేమో."

'నా సంగతి నాకొదిలెయ్, నువ్వు వెళ్ళు' అనాలి. నోటి దాకా వచ్చింది. దానికి బదులు, "నీళ్ళు వేడిగా ఉన్నాయా వదినా?" అన్నాను.

"బాగున్నాయి" అంది. "ఇంకాసేపు పొయ్."

పరీక్ష రోజున కూడా వానే. బయట నుంచి ఒకావిడ వచ్చింది పరీక్ష చెయ్యడానికి. గొలుసుకి కట్టిన కళ్ళజోడు, నవ్వు ఎరగని మొహం. మాకందరికీ చెమటలు పట్టాయి. లొడలొడ మేనత్త సైతం నిద్రపోలేదు.

నేను తువ్వాలు కోసం వెనక గదిలోకి వెళ్ళేసరికి స్టవ్వు పక్కన స్టూలు మీద ఎవరో ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సంచీ. అచ్చం వదిన ముక్కే.

"ఆవిడ ఎవరి తలే?" అంది లొడలొడ నా వెనకాల నుంచి తొంగి చూసి.

"మా వదిన వాళ్ళ అక్క" అన్నాను. ఆ మాట అనగానే నాకంతా అర్థమైంది. కానీ పొద్దున బయల్దేరేటప్పుడు, "వాన కదా, పరీక్ష అయ్యాక నేనే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు అన్నయ్య.

పరీక్షకి వచ్చినావిడ నా కుర్చీ దగ్గర ఆగింది. పద్ధతి ప్రకారం ముందు అడగాలి, విన్నది తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే కత్తెర పట్టాలి. మిగతావాళ్ళందరి తలలూ చివర్లు సమం చెయ్యమన్నాయి. నేనూ ఆ మాటకే సిద్ధపడి ఉన్నాను.

"ఎంత తియ్యమంటారండీ?" అన్నాను.

వదిన అద్దంలో నా కళ్ళలోకి చూసింది. ఆ వానాకాలం మొత్తంలో అద్దంలో తను నన్ను సూటిగా చూసింది అప్పుడే.

"పిడికిట్లోకి రానంత" అంది.

పరీక్షావిడ కళ్ళజోడు సవరించుకుంది. "తిరిగి చెప్పమ్మా" అంది నాతో.

తలెత్తితే మేడమ్ గోడవారగా నిలబడి నన్నే చూస్తున్నారు. అడిగిన రోజున ఆగకు అన్నారు కదా.

"పిడికిట్లోకి రానంత కురచగా తీస్తానండీ" అన్నాను. "జడ మొదట్లో పట్టుకుంటున్నానండీ."

జడకి రెండు చివరలా రబ్బరు బ్యాండ్లు బిగించాను. కత్తెర ఒక్క పట్టున తెగలేదు. అంత జుట్టు కదా, కరకరమంటూ నాలుగైదు పట్లు పట్టింది. జడ నా చేతిలోకి ఊడి వచ్చేసరికి వదిన తల తేలికై దానంతటదే ముందుకి వాలింది. తర్వాత నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చెవి వెనక మొదళ్ళు బయటపడ్డాయి. వాటికి తగ్గట్టు చుట్టూ కుదించుకుంటూ వచ్చాను, ఎక్కడ ఎంత ఉందో తేడా తెలీకుండా. బయట వాన కొడుతూనే ఉంది. మెట్ల మీద బూట్ల చప్పుడు ఎప్పుడు వినబడుతుందా అని ఒక చెవి అటే వేసి ఉంచాను.

మెడ మీద వెంట్రుకలు దులుపుతుండగా వినబడింది.

"నమస్కారమండీ. అయిపోయిందా?" గుమ్మంలో తల తుడుచుకుంటూ అన్నయ్య. అందరికేసీ చూసి నవ్వాడు. కుర్చీల వెంట చూసుకుంటూ వచ్చాడు. జడ కోసం వెతుకుతున్నాడని నాకు తెలిసింది. నా దగ్గరికి వచ్చి, "మీ వదిన ఏదే?" అన్నాడు.

వదిన తన ముందే కూర్చుని ఉంది. అన్నయ్య అద్దంలోకి చూశాడు.

నవ్వు చెదరలేదు. ఎప్పటిలాగే చెయ్యి మెడ వెనక్కి వచ్చింది, వేళ్ళు ముడుచుకున్నాయి. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ పిడికిలి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఇక్కడ చెప్పకుండా ముట్టుకోకూడదండీ" అంది వదిన, అద్దంలోకి చూస్తూ.

ఒక్క కత్తెరా ఆడలేదు. లొడలొడ నోరు కూడా ఆడలేదు. అందరి కళ్ళూ ఆ పిడికిలి మీదే ఉన్నాయి. అన్నయ్య దాన్ని ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"సరే, చెబుతున్నాను. పద ఇంటికి."

"నేను రానండీ."

గొంతు వణికింది గానీ మాట వణకలేదు. అన్నయ్య ఒక అడుగు ముందుకి వేశాడు. అప్పుడు పరీక్షకి వచ్చినావిడ, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "బాబూ, ఇక్కడ పరీక్ష జరుగుతోంది. మగవాళ్ళు కింద నిలబడాలి" అంది. ఆవిడకి ఏం తెలుసో ఏం తెలీదో నాకిప్పటికీ తెలీదు. మేడమ్ వచ్చి కుర్చీకీ అన్నయ్యకీ మధ్య నిలబడ్డారు.

అన్నయ్య నవ్వాడు. నా వైపు తిరిగి, "నువ్వు రా" అని మెట్లు దిగాడు.

"వెళ్ళకు" అన్నారు మేడమ్.

"నేను దిగితేగానీ తను కదలడు మేడమ్. తను కదిలితేగానీ వదిన వెళ్ళలేదు" అన్నాను. "అమ్మ కూడా ఒక్కతే ఉంది."

వదిన లేచి నన్ను గట్టిగా పట్టుకుంది. జడని అందివ్వబోతే తీసుకోలేదు. "నాకొద్దు. అత్తయ్యకి ఇయ్యి" అంది. వెనక గదిలోంచి వాళ్ళక్క సంచీ తీసుకుని వచ్చింది.

ఇంటికి నడిచే వెళ్ళాం. గొడుగు నా చేతిలో ఉంది, అన్నయ్య తడుస్తూ నా వెనక అడుగు దూరంలో నడుస్తున్నాడు. బూట్లు నీళ్ళలో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. సగం దారిలో నా వీపు మీద నా జడ బరువు నాకు తెలిసింది. అప్పటిదాకా ఎప్పుడూ తెలీలేదు. మెల్లగా భుజం మీంచి ముందుకి లాక్కుని, గొడుగు పట్టిన చేతి కింద అదిమి పట్టుకున్నాను. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

అన్నయ్య ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్ళాడు. గడియ పడింది.

అమ్మ అలవాటుగా లేచింది. రేడియో మీద చెయ్యి పెట్టింది. పెట్టి, నా వెనకాల గుమ్మంలోకి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"అదేదీ?" అంది.

నేను సంచీలోంచి జడ తీసి అమ్మ చేతిలో పెట్టాను. రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉంది, ఇంకా తడిగా ఉంది. అమ్మ దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. అరుస్తుందనుకున్నాను. నన్నేం చేసినా పడదామనుకున్నాను.

అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు చేరవేసింది. పీట వాల్చుకుని నా వైపు వీపు పెట్టి కూర్చుంది. జడని ఒళ్ళో పెట్టుకుని, ముడిలోంచి ఒక్కొక్క పిన్నూ తీసి నేల మీద పెట్టింది. జుట్టు విడిపోయి భుజాల మీద పడింది. అలా విప్పుకున్న అమ్మని నేనెప్పుడూ చూడలేదు.

"చూడు" అంది.

"చెవి పక్కన పాయ ఎత్తుతున్నానమ్మా" అన్నాను. అండీ అనలేకపోయాను.

ఎడమ చెవి వెనక చర్మం నున్నగా, గాజులా మెరుస్తోంది. అంచులు చెదిరి ఉన్నాయి. ఒక్క మొదలు కూడా లేదు. నాన్న పోయి ఎన్నేళ్ళయిందని! నేను దాని మీద నా అరచెయ్యి పెట్టి అలాగే ఉంచేశాను. అమ్మ ఉలిక్కిపడలేదు.

"దానికి మళ్ళీ వస్తుందా?" అంది, ఒళ్ళో జడ నిమురుతూ.

"వస్తుందమ్మా. కుదుళ్ళు బతికే ఉన్నాయి."

అవతల గదిలో మంచం కిర్రుమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. మళ్ళీ సద్దు లేదు.

"అయితే దాన్ని ఇంక ఇక్కడికి రానివ్వకు" అంది అమ్మ.